పెద్ద తరిమెన

మగ్గం గుంత పూడ్చిన చోట కూర్చున్న గౌరమ్మ ఎంతసేపటికీ లేవలేదు.

కొత్త మన్ను ఇంకా ఆరలేదు. పైన పేడతో అలికినా, చెయ్యి ఆనిస్తే మెత్తగా లోపలికి దిగుతోంది. ఉరుకుందకు కట్టుకుపోయిన చీర కూడా ఆమె మార్చుకోలేదు. ఈరన్న గుడి ప్రసాదం మూట ఒళ్ళో అలాగే ఉంది. తలలో పూలు బస్సు గాలికి వాడిపోయాయి.

మహానంది గోడకు చేరగిలి నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా పెద్ద తరిమెన ఉంది. కింద పొడుగాటి మాను దిమ్మెలు, వాటి మీద ఎదురెదురుగా ఇనుప మొనలు తేలిన గుంజలు. ఆ మొనల నడుమ కొయ్య బిగించి తిప్పుతూ ఉలితో చెక్కాలి. పక్కన బండి చక్రమంత చక్రం, దానికి పిడి, దాని చుట్టూ తిరిగే మోకు. ఆదోని నుంచి ఎద్దుల బండి మీద వచ్చిన ఆ సామాను నడవలో సగం ఆక్రమించింది. మిగిలిన సగంలో మహానంది మగ్గం ఎక్కడిదక్కడే ఉంది.

"లెయ్యి గౌరీ. ఎండలో వచ్చినావు. కాళ్ళు కడుక్కోపో," అన్నాడు.

గౌరమ్మ తల ఎత్తలేదు.

"దారం ఒక్కటి తెగలేదు. నేసినకాడికి బట్ట ఇప్పి, పడుగంతా చుట్టి మూల పెట్టినా. నువ్వే చూసుకో."

"దారం తెగలేదు," అన్నది గౌరమ్మ. ఆ మాటలో ప్రశ్నా లేదు, మెప్పూ లేదు.

"గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే మోకాళ్ళు నొప్పి అని నువ్వే గదా అంటాంటివి?"

"నొప్పి అన్నా. పూడ్చమంటినా?"

"బండి దొరికింది. మళ్ళీ దొరకదని తెచ్చేసినా. నిన్ను అడుగుదామంటే నువ్వు ఊర్లో లేవు."

"నేను ఊర్లో లేనప్పుడే నన్ను అడగాలనిపించిందా?"

లోపల పొయ్యి దగ్గర అత్త సుబ్బమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆమె వింటున్నదని ఇద్దరికీ తెలుసు.

"సరే, గుంతే పూడ్చల్ల. నీది పూడ్చుకోలేకపోయినావా?" అని అడిగింది గౌరమ్మ.

"నా మగ్గం మీద సంఘం నూలుంది."

"నా మగ్గం మీద?"

"ఇంటి చీరే గదా."

ఆ మాట నోరు దాటిన తర్వాత గానీ అదెలాంటి మాటో మహానందికి తెలియలేదు. అతను విషజ్వరంతో పడకేసిన ఏడు గౌరమ్మ తనంతట తాను గుంతలోకి దిగి నాడె పట్టింది. అతను లేచాక కూడా ఆమె మగ్గం వదల్లేదు. రెండో మగ్గం పెట్టించుకుంది. అప్పటినుంచీ నేతగాళ్ళ సంఘానికి దుప్పట్లూ తువ్వాళ్ళూ నేస్తూనే ఉంది. ఈ వానాకాలమే మొదటిసారి తనకంటూ నూలు తెచ్చుకుంది. నేరేడు పండు రంగు, పసుపు అంచు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరినీ పిలిచి ఆ అంచు చూపించింది.

గౌరమ్మ లేచింది. ప్రసాదం మూట తెచ్చి తరిమెన దిమ్మె మీద పెట్టి, వెనుదిరిగి పెరట్లోకి పోయింది.

ఆ పూట అన్నం వడ్డించి, "అత్తా, కంచం పెట్టినానని చెప్పు," అన్నది.

మహానంది ఎదురుగానే ఉన్నాడు. సుబ్బమ్మ కొడుకు వైపు చూసి, "వినపడింది వానికి," అని గొణిగింది.

*

మహానందికి కొయ్య తిప్పే పిచ్చి చిన్నప్పటిది. నేలమీద పెట్టుకునే చిన్న తరిమెన ఒకటి ఉండేది. ఒక చేత్తో కొయ్యను తిప్పే విల్లు లాగుతూ, ఇంకో చేత్తో ఉలి పట్టి, కాలి వేళ్ళతో దాని మొన ఆపుకుంటూ బొంగరాలూ గిలకలూ కుంకుమ భరిణెలూ తీసేవాడు. దేన్నీ అమ్మలేదు. అడిగిన వాళ్ళకు ఇచ్చేవాడు, అడగని వాళ్ళకు పిలిచి ఇచ్చేవాడు. మగ్గం దిగిన తర్వాత అతనికి ఉన్న సుఖమల్లా అదొక్కటే.

అయితే ఆ తరిమెన పిడికిలిని మించిన కొయ్యను మోయలేదు. అటక మీద ఒక వేప మొద్దు ఎండి సిద్ధంగా ఉంది. దాన్ని చెక్కి, ఒక ఇంటికి సరిపడా పిండి కలుపుకునే మరిగె చేయాలని అతని కోరిక. ఎక్కించిన ప్రతిసారీ విల్లు తాడు తెగింది, లేదా మొద్దు ఊడి నేల మీద పడింది. ఆదోనిలో మంచం కోళ్ళూ ఉయ్యాల కంబాలూ తీసే హుసేనప్ప తన తరిమెన వదిలించుకుంటున్నాడని విని, మహానంది మంచి దుప్పట్లు నేసి ఇచ్చి దాన్ని తెచ్చుకున్నాడు.

తెల్లవారి అన్న ఓబులేసును పిలుచుకొచ్చాడు. చక్రం తిప్పడానికి ఒక మనిషి, ఉలి పట్టడానికి ఒక మనిషి కావాలని తరిమెన దింపిన తర్వాతే అతనికి తట్టింది.

"ఊరికే తిప్పితే చాలునా?" అన్నాడు ఓబులేసు పిడి పట్టుకుంటూ.

"సమంగా తిప్పల్లన్నా. రోంత నిదానంగా మొదలుపెట్టు."

మహానంది వంగి తరిమెన కాళ్ళ కింద చెక్కలు గట్టిగా ఉన్నాయో లేదో తడిమి చూశాడు. పూడ్చిన మన్ను మీద దిమ్మె ఒకవైపు కుంగిపోతుంటే, దించిన నాడే కింద ఆ చెక్కలు పెట్టి ఎత్తాడు. చేతికి నున్నగా తగిలాయి. వెంటనే చెయ్యి తీసేశాడు. అవి గౌరమ్మ మగ్గం దోనె ముక్కలు. నేసిన బట్ట నేసినట్టు ఆమె ఒడి ముందు చుట్టుకునే గుండ్రటి కొయ్య అది. చివర చిన్న పగులు ఉంది, పాతది, కొత్తది చేయిద్దాంలే అనుకుని, బండివాడు తొందర పెడుతుంటే రంపం వేసేశాడు. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

ఓబులేసు తిప్పాడు. చక్రం మూలిగి కదిలింది. వేప మొద్దు తిరగసాగింది. మహానంది ఉలి ఆనించాడు. చక్రం బరువు చూసి ఓబులేసు బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాడు. మోకు జారింది. మొద్దు ఆగి, మళ్ళీ ఎగిరి తిరిగింది.

"అట్ల గుంజొద్దన్నా. సమంగా."

"సమంగా అంటే ఎట్లరా?"

"ఒకే తీరున."

"ఒకే తీరుననే తిప్పుతాండా. నీ ఉలే అడ్డం పడతాంది."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఉలి మొద్దులో ఇరుక్కుంది. మొద్దు మొనల మధ్య నుంచి ఊడి, గోడవారగా ఉన్న నీళ్ళ కాగుకు తగిలింది. కాగు పగిలి నీళ్ళు పూడ్చిన గుంత మీదికి పారాయి.

ఓబులేసు పిడి వదిలేశాడు. "ఇది మనుషులు తిప్పేదా, ఎద్దులు తిప్పేదా? చూసుకొని తెచ్చుకోవల్ల గదా."

"ఇంకొక్కసారి పట్టన్నా."

"నాకు మగ్గం మీద పనుంది. నీకు పొద్దుపోకపోతే నేనేమి చేసేది?" ఓబులేసు తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

గౌరమ్మ పెరట్లోంచి వచ్చి కాగు పెంకులు ఏరింది. తడి తుడిచింది. ఆమె తిట్టి ఉంటే మహానంది తిరిగి ఏదో ఒకటి అని ఉండేవాడు.

ఆమె వెళ్ళాక అతను ఒంటరిగా ప్రయత్నించాడు. చక్రాన్ని బలంగా తిప్పి వదిలి, ఇటు పరుగెత్తి ఉలి అందుకున్నాడు. ఉలి ఆనించేలోపే మొద్దు వేగం తగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ పరుగెత్తాడు. మొద్దు మీద ఎలుక కొరికినట్టు నాలుగు గాట్లు తప్ప ఏమీ పడలేదు. చివరికి ఉలిని నేలకేసి కొట్టాడు. అది మెత్తటి మన్నులో దిగబడి నిలుచుంది.

మూల సుబ్బమ్మ ఒత్తులు చేసుకుంటూ చూస్తూనే ఉంది.

"చిన్నదే బాగుండె గదా నాయనా," అన్నది.

*

మహానంది ఆదోనిలో బస్సు దిగేసరికి పత్తి మిల్లుల దుమ్ము వీధి నిండా లేస్తోంది. హుసేనప్ప ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏమప్పా మహానందీ, తరిమెన కుదిరిందా?"

"కుదరలేదు మామా. చక్రం తిప్పే మనిషి లేడు. నీ దగ్గర ఎవరు తిప్పుతాండ్రి?"

హుసేనప్ప జవాబు చెప్పేలోపే గడప లోపలి నుంచి అతని భార్య ఉచ్చీరమ్మ బయటికి వచ్చింది. కుడి చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకుని ఉంది.

"నేను," అన్నది.

మహానంది ఆమె వైపూ హుసేనప్ప వైపూ చూశాడు. "నాకు చెప్పలేదు గదా మామా."

"నువ్వు అడగలేదు గదప్పా," అన్నాడు హుసేనప్ప. నిజంగానే ఆశ్చర్యపోయినట్టున్నాడు. "ఇంట్లో ఆడమనిషి ఉంది, తిప్పుతాది. దాంట్లో చెప్పేదేముంది?"

"ఈయన కాపురానికి తెచ్చిన నాటి నుంచి తిప్పినా," అన్నది ఉచ్చీరమ్మ గడప మీద కూర్చుంటూ. "చూడు, ఈ చెయ్యి తల దాకా లెయ్యదు. జుట్టు ముడేసుకునేకి పక్కింటామెను పిలవల్ల. నేను పట్టుబడితేనే ఈయన దాన్ని సాగనంపింది. నీ బండి ఎత్తుకొనిపోయిన రోజు కంటినిండా నిద్రపోయినా."

"ఊరికే అంటాది," అన్నాడు హుసేనప్ప. "నిమ్మళంగా తిప్పుతాండె. ఆమె తిప్పితే కోళ్ళు అద్దం మాదిరి వస్తాండె."

"అద్దం మాదిరి వచ్చినాయి. నిజమే." ఆమె మహానందిని చూసింది. "మీ ఇంట్లో ఎవరు తిప్పుతారు నాయనా?"

మహానంది వంగి మంచం కోడు నిమిరాడు.

"మీ ఇంటామె మగ్గం నేస్తాదని చెప్తివి గదా. ఆమెకు ఎట్ల తీరుతాది?"

"ఇప్పుడు మగ్గం లేదత్తా."

"యాల?"

అతను నేల చూశాడు. తరిమెన కోసం ఏం పూడ్చాడో చెప్పాడు. దోనె సంగతి చెప్పలేదు.

"మామా, దాన్ని మళ్ళీ ఈడికే తోలిస్తే పెట్టుకుంటావా?" అని అడిగాడు మహానంది.

"ఆ చోట మేకలు కట్టేసుకున్నా," అన్నది ఉచ్చీరమ్మ, మొగుడికి నోరు తెరిచే సందు ఇవ్వకుండా. తర్వాత గొంతు తగ్గించింది. "ఈయన నన్ను అడిగింటే, తిప్పనని అనిందునా? ఏమో. తిప్పుతాననే అనిందునేమో. ఎన్నడూ అడగలేదు. నువ్వన్నా పోయి అడుగు."

హుసేనప్ప బీడీ ఆర్పి ఇంకోటి వెతుక్కున్నాడు.

*

బస్సులో దారి పొడుగునా మహానంది మాటలు కూర్చుకున్నాడు. గుంత తానే తవ్వుతాడు. తరిమెనను గోడవారకు జరుపుతాడు. దోనె విషయం ముందు చెప్పేస్తాడు, ఆ తర్వాత అడుగుతాడు. ఎమ్మిగనూరులో దిగేసరికి మాటలన్నీ వరుసగా నిలిచాయి.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో చాప పరిచి ఉంది. దాని మీద గౌరమ్మ మగ్గం సామాను. గౌరమ్మ, ఎదురింటి జయమ్మ నూనె గుడ్డతో ఒక్కో కొయ్యా తుడుస్తున్నారు. జయమ్మ అతన్ని చూసి పక్కకు జరిగి నిలబడింది.

మగ్గం మళ్ళీ దించుకోవడానికే తయారవుతున్నారనుకున్నాడు మహానంది. గుండె తేలికపడింది.

గౌరమ్మ అతని ముఖంలోకి చూసి నేరుగా మాట్లాడింది. ఊరి నుంచి వచ్చిన రోజు తర్వాత అదే మొదలు.

"దోనె యాడుంది?"

వరుసగా నిలిచిన మాటలు ఒక్కటీ రాలేదు.

"అటక మీద గూడ చూసినాం నాయనా," అన్నది సుబ్బమ్మ. "యాడా లేదు."

"తరిమెన కింద," అన్నాడు మహానంది.

గౌరమ్మకు ముందు అర్థం కాలేదు. లోపలికి పోయి మోకాళ్ళ మీద వంగి చూసింది. దిమ్మె కింద రెండు పొట్టి ముక్కలు. బట్ట అంచు దూర్చే గాడి ఇంకా కనిపిస్తోంది. ఏళ్ళ తరబడి బట్ట ఒరుసుకుని కొయ్య నున్నబడిపోయింది. ఆమె మగ్గం పెట్టుకుంటున్నదని విని, ఆమె తండ్రి గూడూరు నుంచి దాన్ని భుజాన మోసుకొచ్చాడు.

ఆమె అక్కడే కూర్చుండిపోయింది.

"అది పగిలింది గదా అని..." అన్నాడు మహానంది.

"చివర. వచ్చిన నాడే ఉండె ఆ పగులు. దాని మీదనే నేసినా."

"కొత్తది చేయిస్తామని అనుకున్నా."

గౌరమ్మ కళ్ళు గోడ వైపు తిరిగాయి. అక్కడ పొడుగాటి టేకు కొయ్య ఒకటి, ఒక్క వంకరా లేనిది, చేర్చి ఉంది. తరిమెనతో పాటు బండిలో వచ్చింది.

"దాన్ని యాల కోయలేదు?"

"అది హుసేనప్ప మామ ఏండ్ల తరబడి ఆరబెట్టిన టేకు. మంచి కొయ్య. ముక్కలు చేసేకి మనసొప్పలేదు."

"దానికి ఒప్పలేదు," అన్నది గౌరమ్మ. తర్వాతి మాట ఆమె అనలేదు. వాకిట్లో జయమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. సుబ్బమ్మ కొడుకు ముఖం చూడలేక అవతలికి తిరిగింది.

కాసేపటికి గౌరమ్మ లేచి కొంగు దోపుకుంది.

"దాన్ని ఎక్కించు."

"ఏమి?"

"ఆ టేకును. దోనె తియ్యి. చక్రం నేను తిప్పుతా."

"రేపు పొద్దున..."

"ఇంకా ఎండ ఉంది."

మహానంది టేకు కొయ్యను మొనల మధ్య బిగించాడు. రెండుసార్లు జారింది. గౌరమ్మ చక్రం పక్కన నిలబడి పిడి పట్టింది. ముందు దాని బరువు చూసుకుంది. తర్వాత తిప్పింది. గుంజలేదు, తొందర పడలేదు. మగ్గం మీద కాలూ చెయ్యీ కలిపి ఏళ్ళుగా ఆడిన మనిషి. చక్రం ఒకే తీరున తిరిగింది.

మహానంది ఉలి ఆనించాడు. కొయ్య మీది నుంచి తొక్క సన్నగా, పొడుగ్గా, నాడా లాగా లేచి అతని మణికట్టు మీద పడింది. ఇంత కాలమూ అతను కలలో చూసిన పనే అది. తరిమెన అదరలేదు. ఉలి ఇరుక్కోలేదు. కోణాలు కరిగి కొయ్య గుండ్రమవుతోంది. అతను దిగులు మరిచిపోయాడు.

"గౌరీ, చూడు ఎట్ల వస్తాందో."

ఆమె కొయ్య వైపు చూసింది. అతని వైపు చూడలేదు.

"రేపు తెల్లారే గుంత తవ్వుతా," అన్నాడు పని ఆపకుండా. "తరిమెనను ఆ గోడకు జరుపుతా. ఇద్దరివీ పడతాయి. ఉచ్చీరత్త చెప్పింది. నిన్ను అడగమనింది."

"ఏమి అడగమనింది?"

"ఈ చక్రం... అప్పుడప్పుడు, నీకు తీరినప్పుడు..."

"కొనలు అయినాయా?" అని అడిగింది గౌరమ్మ.

"అయినాయి."

ఆమె చక్రం ఆపింది. కొయ్య విప్పించి అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరింది. ఎక్కడా చెయ్యి ఆగలేదు.

"బాగా తీసినావు," అన్నది.

చాలా రోజులకు వచ్చిన ఆ మాట వింటూ మహానంది ఉలి తుడుచుకున్నాడు. "గాడి కొట్టేది ఉంది. రేపు..."

"గాడి ఓబులేసు బావ కొట్టిస్తాడు. నేనే అడుగుతా."

ఆమె దోనెను భుజానికెత్తుకుని వాకిట్లోకి నడిచింది. జయమ్మ అచ్చూ నాడెలూ తీసుకుంది. మగ్గం గుంజలు ముందే వీధి దాటి ఎదురింటి అరుగు మీదికి చేరాయి. మహానంది అప్పుడు చూశాడు.

"యాడికి?"

"జయమ్మ ఇంట్లో గుంత ఖాళీగా ఉంది. వాళ్ళాయన కాలువ పనికి పోయినాడు గదా. మగ్గం ఆడ దించుకుంటా."

"ఈడ గుంత తవ్వుతానంటాండా గదా."

"తవ్వుకో. ఇల్లు నీది."

సుబ్బమ్మ పడుగు చుట్టను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకుని కోడలి వెనకే గడప దాటింది.

"నువ్వు గూడ పోతాండావామ్మా?"

"పడుగు నలిగితే తెగిపోతాది నాయనా. పట్టుకునేకి ఒకరు కావల్ల," అన్నది ఆమె, ఆగకుండానే.

మహానంది వీధిలోకి వచ్చాడు. "గౌరీ, పొద్దుగూకేకి ఇంటికొస్తావు గదా?"

గౌరమ్మ ఎదురింటి మెట్టు మీద ఆగింది. భుజం మీది కొయ్య సర్దుకుంది. కోపం లేదు ఆ ముఖంలో. అదే అతన్ని భయపెట్టింది.

"అడుగుతాండావా, చెప్తాండావా?"

"అడుగుతాండా."

"ఆలోచించుకొని చెప్తా," అని లోపలికి పోయింది.

మహానంది వచ్చి నడవలో కూర్చున్నాడు. కాళ్ళ నిండా టేకు పొట్టు. ఎదుట పెద్ద తరిమెన ఏ లోపమూ లేకుండా నిలబడి ఉంది. వేప మొద్దు పక్కనే పడి ఉంది. దాన్ని ఎత్తబుద్ధి కాలేదు.

ఎదురింట్లో సుత్తి చప్పుడు మొదలైంది. గుంజలు దిగ్గొడుతున్నారు. కాసేపట్లో ఆగుతుందనుకుంటూ విన్నాడు. ఆగలేదు. నాలుగు రోజులకు దించుకునే మగ్గానికి గుంజలు అంత లోతుగా ఎవరూ కొట్టరు.